తైలవర్ణచిత్రాల శుభ్రీకరణ: పద్ధతులు, వివాదాలు – పాఠపరిష్కరణ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాత తైలవర్ణచిత్రంపై పేరుకున్న మురికిని, పచ్చబడిన వార్నిషును, తరువాతివారు వేసిన రంగులను తొలగించడం చిత్రపరిరక్షణలో మిక్కిలి సున్నితమైన పని. చిరిగిన కాన్వాసును మళ్ళీ అతికించవచ్చు. వేసిన కొత్త రంగును తీసివేయవచ్చు. శుభ్రం చేసేటప్పుడు పోయిన మూలవర్ణాన్ని మాత్రం తిరిగి తేలేము. ఐరోపాలో ఈ పని బూడిదనీటి దశ నుంచి నియంత్రిత ద్రావణాల దశకు ఎలా చేరిందో, లండన్ నేషనల్ గ్యాలరీ కేంద్రంగా సాగిన వివాదాలు అందుకు ఎలా దోహదపడ్డాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చిత్రశుభ్రీకరణలో ఎదురయ్యే ప్రశ్నలకు, ప్రాచీన కావ్యాల పాఠపరిష్కరణలో ఎదురయ్యే ప్రశ్నలకు గల సామ్యభేదాలను విశ్లేషిస్తుంది.

కీలకపదాలు: తైలవర్ణచిత్రం, వార్నిషు, ద్రావణి, శుభ్రీకరణ, పటినా, పాఠపరిష్కరణ, ప్రక్షిప్తం, నేషనల్ గ్యాలరీ.

1. ఉపోద్ఘాతం:

తాళపత్రప్రతులతో పనిచేసిన పరిశోధకులకు ఒక సమస్య సుపరిచితం. చేతికందిన ప్రతి కవి రాసిన ప్రతి కాదు. లేఖకుల పొరపాట్లు, పండితుల దిద్దుబాట్లు, భక్తుల చేర్పులు కలిసి నేడు మనం చదివే పాఠం ఏర్పడింది. వాటిలో ఏది మూలం, ఏది చేర్పు అని నిర్ణయించడమే పరిష్కర్త పని. ఆ నిర్ణయానికి పాఠాంతరాలు, ఛందస్సు, వ్యాకరణం, శైలి, కవి కాలపు భాష ఆధారాలవుతాయి.

పాత తైలవర్ణచిత్రం ముందు నిలిచిన పరిరక్షకునిదీ ఇదే స్థితి. మూడు నాలుగు వందల ఏళ్ళ నాటి చిత్రం చిత్రకారుని చేతినుంచి వచ్చిన రూపంలో మనకు దక్కదు. దీపాల పొగ, బొగ్గుమసి, దుమ్ము, పచ్చబడిన వార్నిషు, యజమానులు వేయించిన దిద్దుబాట్లు ఒకదానిపై ఒకటి పేరుకొని ఉంటాయి. వాటిలో దేన్ని తీయాలి, దేన్ని ఉంచాలి, తీయడం ఎక్కడ ఆపాలి అనేవి అతని ప్రశ్నలు. అయితే చిత్రానికి ప్రత్యంతరం లేదు. ఉన్నది ఒక్కటే ప్రతి; పరిష్కరణ జరిగేది కూడా ఆ ప్రతిమీదే.

ఈ విషయంపై ఆంగ్లంలోను, ఇతర ఐరోపా భాషల్లోను విస్తృతమైన సాహిత్యం ఉంది. సాహిత్యపరిశోధకుల దృష్టితో ఆ చరిత్రను తెలుగులో సమీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. తైలవర్ణచిత్ర నిర్మాణం – ప్రమాదస్థానాలు:

తైలవర్ణచిత్రం పైకి ఒకే తలంగా కనిపించినా నిజానికి అది పొరల సముదాయం. అడుగున ఆధారంగా చెక్కపలక గాని, కాన్వాసు గాని ఉంటుంది. దానిపై జిగురుపూత, ఆపైన సుద్దను గాని జిప్సాన్ని గాని జిగురుతో కలిపి, లేదా సీసపు తెలుపును నూనెతో కలిపి వేసిన భూమికాపూత ఉంటాయి. ఆ భూమికపై రంగులపొరలు వస్తాయి. నీడలకు లోతును, వస్త్రాలకు నిగారింపును ఇవ్వడానికి చివర్లో వేసే అతిపలుచని పారదర్శకమైన పూతను గ్లేజ్ అంటారు. అన్నిటికీ పైన రక్షణకు, మెరుపుకు వేసేది వార్నిషు.

రంగుపొరలో వర్ణకాన్ని పట్టి ఉంచేది నూనె. ఐరోపా చిత్రకారులు ప్రధానంగా అవిసెనూనె, అక్రోటునూనె, గసగసాలనూనె వాడారు. ఈ నూనెలు నీటిలాగా ఆవిరై ఆరవు. గాలిలోని ఆక్సిజనుతో కలిసి, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, గట్టి పొరగా మారతాయి. ఈ మార్పు పైకి ఆరినట్టు కనిపించిన తరువాత కూడా దశాబ్దాలపాటు కొనసాగుతుంది. కాబట్టి వయసు తక్కువైన తైలచిత్రం ద్రావణులకు ఎక్కువగా లొంగుతుంది. పూర్తిగా ముదిరిన పొర సులభంగా కరగదు గాని, ద్రావణి తగిలినప్పుడు ఉబ్బుతుంది. ఉబ్బిన పొర మెత్తబడి ఉంటుంది కాబట్టి ఆ సమయంలో చిన్న రాపిడికి కూడా వర్ణకం ఊడివస్తుంది.

వార్నిషు స్వభావం వేరు. మాస్టిక్, డామర్ వంటి చెట్లరాళాలను టర్పెంటైనులో కరిగించి దాన్ని తయారుచేసేవారు. కొత్తగా వేసినప్పుడు అది స్వచ్ఛంగా ఉండి అడుగునున్న రంగులకు లోతునిస్తుంది. వెలుతురు, గాలి సోకి కొన్ని దశాబ్దాలలో పసుపుపచ్చగాను, తరువాత గోధుమరంగులోను మారుతుంది. నీలం ఆకుపచ్చగా, తెలుపు తేనెరంగుగా కనిపిస్తాయి. నీడలలోని వివరాలు మాసిపోయి చిత్రంలోని దూరం దగ్గరల భేదం చెదిరిపోతుంది.

శుభ్రీకరణలోని చిక్కంతా ఇక్కడే ఉంది. కొత్త వార్నిషు టర్పెంటైను వంటి తేలిక ద్రావణికే కరుగుతుంది. ముదిరేకొద్దీ దాని రసాయనస్వభావం మారి, ధ్రువత పెరిగి, ఆల్కహాలు, అసిటోన్ వంటివి కావలసి వస్తాయి. ఆ ద్రావణులే రంగుపొరను కూడా ఉబ్బిస్తాయి. వార్నిషును ఎంత కాలం వదిలేస్తే, దాన్ని తీయడానికి కావలసిన ద్రావణి మూలవర్ణానికి అంత ప్రమాదకరమవుతుంది.

3. తొలినాటి పద్ధతులు:

రసాయనశాస్త్రం స్థిరపడకముందు చిత్రాలను శుభ్రం చేసిన వస్తువులన్నీ ఇంటివాడుకలోనివే. బూడిదనీరు, సబ్బు, రొట్టెముద్ద, ఉల్లిపాయ, మూత్రం, సారాయి వంటివి ఐరోపా గ్రంథాలలో కనిపిస్తాయి. 17వ శతాబ్దిలో లండనులో స్థిరపడిన వైద్యుడు థియొడోర్ ద మయెర్న్ చిత్రకారుల పద్ధతులను సేకరించి రాసుకున్న ప్రతిలో శుభ్రీకరణ విధానాలు కూడా ఉన్నాయి.

బూడిదనీరు ఎందుకు పనిచేస్తుందో మనకు తెలియనిది కాదు. చవుడుతో బట్టలుతికిన రజకుల వృత్తిజ్ఞానం కూడా క్షారజ్ఞానమే. క్షారం జిడ్డును సబ్బుగా మార్చి నీటిలో కలిపేస్తుంది. కాని తైలచిత్రంలో రంగును పట్టి ఉంచినది కూడా నూనే. క్షారానికి మురికిలోని జిడ్డు, చిత్రంలోని నూనె అనే భేదం తెలియదు. బట్టమీద గుణమైనదే చిత్రంమీద దోషమైంది. ఎన్నో పాత చిత్రాలలో పలుచని గ్లేజులు అరిగిపోవడానికి ఇటువంటి ఉతుకుడే ఒక ప్రధాన కారణం.

ఈ పనికి నియమావళి ఉండాలన్న స్పృహ 18వ శతాబ్ది వెనిస్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 1778లో వెనిస్ ప్రభుత్వచిత్రాల పునరుద్ధరణకు అధికారిగా నియమితుడైన పియెట్రో ఎడ్వర్డ్స్ పనివారికి కట్టుబాట్లు ఏర్పరచాడు. తినివేసే పదార్థాలు వాడరాదనీ, మూలచిత్రాన్ని కప్పివేసేలా రంగులు వేయరాదనీ, చేసిన సవరణలు తరువాత తొలగించడానికి వీలుగా ఉండాలనీ ఆ నియమాల సారాంశం. చేసిన పనిని వెనక్కి తీసుకొనే అవకాశం ఉండాలన్న ఆధునిక పరిరక్షణసూత్రానికి ఇది తొలిరూపాలలో ఒకటి. అయితే ఈ సూత్రం చేర్చేవాటికి వర్తిస్తుంది గాని తొలగించేవాటికి వర్తించదు.

స్పెయిన్‌లో 1801లో గోయా రాజచిత్రాల పునరుద్ధరణపై మంత్రికి రాసిన లేఖలో మరో కోణం కనిపిస్తుంది. కాలం రంగులపై తెచ్చిన మార్పు వల్ల, మూలచిత్రకారుడే తిరిగి వచ్చినా తన చిత్రాన్ని అతుకు తెలియకుండా సవరించలేడని ఆయన భావించాడు. కాలం చిత్రాన్ని పాడుచేస్తుందా, పూర్తిచేస్తుందా అన్న చర్చ తరువాతి శతాబ్దిన్నరపాటు ఈ మాట చుట్టూనే తిరిగింది.

4. లండన్ నేషనల్ గ్యాలరీ వివాదాలు:

4.1 గోధుమరంగు అభిరుచి – 1846:

నేషనల్ గ్యాలరీ 1824లో 38 చిత్రాలతో ఏర్పడింది. ఆ సంస్థకు చిత్రాలు దానం చేసిన సర్ జార్జ్ బోమంట్ పాతచిత్రాల గోధుమఛాయను ఎంతగానో ఇష్టపడేవాడు. ప్రకృతిచిత్రానికి పాత క్రెమోనా వయొలిన్ రంగు ఆదర్శమని ఆయన సూచించగా, చిత్రకారుడు కాన్‌స్టబుల్ ఒక పాత వయొలిన్ తెచ్చి పచ్చిక మీద ఉంచాడని ఆయన జీవితచరిత్రకారుడు లెస్లీ రాశాడు. గడ్డి ఆ రంగులో లేదని అందరూ చూశారు. పాత వార్నిషు రంగును చూసి చూసి అదే మహాచిత్రకారుల రంగు అనుకొనే అలవాటు ఎంత బలంగా ఉండేదో ఈ సంఘటన తెలుపుతుంది.

ఈ అలవాటుకు గ్యాలరీ పద్ధతి కూడా తోడయింది. తొలి క్యూరేటరు విలియం సెగియర్ కాలంలో మాస్టిక్ వార్నిషులో కాచిన నూనె కలిపి చిత్రాలకు పూసేవారు. చలివాతావరణంలో వార్నిషు తెల్లబారకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు ఇది. కాని నూనె కలిసినందువల్ల అది త్వరగా నల్లబడింది. అంతకంటే పెద్ద చిక్కు, పైపూతలోను అడుగునున్న రంగులోను నూనే ఉండడంతో ఒకదానికి హాని లేకుండా మరొకదాన్ని తీయడం కష్టమైంది. మూలకవి శైలిలోనే, అదే ఛందస్సులో రాసిన ప్రక్షిప్తపద్యాన్ని గుర్తించడం ఎంత కష్టమో, ఇదీ అంతే.

1840లలో సర్ చార్ల్స్ ఈస్ట్‌లేక్ క్యూరేటరుగా ఉండగా రూబెన్స్, టిషన్ మొదలైన వారి కొన్ని చిత్రాలను శుభ్రం చేయించారు. అలవాటైన బంగారుగోధుమఛాయ పోయి రంగులు ఒక్కసారి బయటపడ్డాయి. 1846 అక్టోబరులో టైమ్స్ పత్రికలో ‘వెరాక్స్’ అనే మారుపేరుతో లేఖలు వెలువడ్డాయి. సత్యవాది అని ఆ లాటిన్ పదానికి అర్థం. రాసినవాడు చిత్రవ్యాపారి మోరిస్ మూర్. చిత్రాల చర్మం ఒలిచారన్నది ఆయన అభియోగం. ఈస్ట్‌లేక్ 1847లో పదవినుంచి తప్పుకొన్నాడు. తైలచిత్రరచన పదార్థాల చరిత్రపై ఆయన గ్రంథం ఆ సంవత్సరమే వెలువడింది. చిత్రం దేనితో తయారైందో తెలియకుండా దానిపై చేయి వేయరాదన్న అవగాహనకు ఆ గ్రంథం పునాది వేసింది.

4.2 విచారణసంఘాలు – 1850, 1853:

1850లో చిత్రాల స్థితిని పరిశీలించడానికి నియమించిన సంఘంలో ఈస్ట్‌లేక్‌తో పాటు భౌతికరసాయనశాస్త్రవేత్త మైకేల్ ఫారడే సభ్యుడు. ట్రఫాల్గర్ స్క్వేర్ చుట్టూ ఉన్న పొగగొట్టాలు, నగరపు బొగ్గుమసి, జనసందోహంతో వచ్చే దుమ్ము, ఆవిరి చిత్రాలకు శత్రువులని ఆ సంఘం గుర్తించింది. చిత్రాలకు ముందు అద్దం అమర్చడం ఒక ఉపాయమైంది. శుభ్రీకరణ చర్చలో ఇది కీలకమైన మలుపు. మురికిని ఎలా తీయాలి అన్న ప్రశ్న పక్కన మురికి చేరకుండా ఎలా చూడాలి అన్న ప్రశ్న వచ్చి నిలిచింది.

1852లో మరికొన్ని చిత్రాలను శుభ్రం చేయడంతో వివాదం మళ్ళీ రేగింది. 1853లో పార్లమెంటు సంఘం సాక్షులను పిలిచి విచారణ జరిపింది. చిత్రకారులలోనే ఏకాభిప్రాయం లేదు. ఒకే చిత్రాన్ని చూసి బాగుపడిందని కొందరు, పాడైందని కొందరు సాక్ష్యమిచ్చారు. ఆ విచారణ తరువాత 1855లో సంస్థను పునర్వ్యవస్థీకరించి ఈస్ట్‌లేక్‌ను తొలి డైరెక్టరుగా నియమించారు. ఏ చిత్రానికి ఎప్పుడు ఏం చేశారో నమోదుచేసే సంప్రదాయం అప్పటినుంచి బలపడింది.

ఆ తరువాత దశాబ్దంలోనే మ్యూనిక్ రసాయనశాస్త్రవేత్త మక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ తాకకుండానే చిత్రాన్ని బాగుచేసే ఉపాయం ప్రతిపాదించాడు. చిత్రాన్ని పెట్టెలో ఉంచి ఆల్కహాలు ఆవిరి సోకనిస్తే, పగుళ్ళుబారి మసకేసిన వార్నిషు మెత్తబడి తనంతట తాను అతుక్కొని స్వచ్ఛమవుతుంది. దూది గాని, రాపిడి గాని లేని ఈ పద్ధతి ఐరోపాలో ఎన్నో గ్యాలరీలకు వ్యాపించింది. అయితే ఆవిరితో పాటు కొపైబా తైలాన్ని వాడినచోట అడుగునున్న రంగుపొర కూడా మెత్తబడి, వార్నిషుతో కలిసిపోయిందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. చేయి తగలనంత మాత్రాన పద్ధతి సురక్షితం కాదని ఈ అనుభవం నేర్పింది.

4.3 రూహెమన్ – బ్రాందీ – గోంబ్రిచ్:

నేషనల్ గ్యాలరీలో 1934లో శాస్త్రవిభాగం ఏర్పడింది. జర్మనీనుంచి వలసవచ్చిన హెల్మట్ రూహెమన్ ఆ కాలంలోనే అక్కడ పని ప్రారంభించాడు. రెండో ప్రపంచయుద్ధంలో గ్యాలరీ చిత్రాలను వేల్స్‌లోని మానోడ్ పలకరాతిగని గుహలకు తరలించారు. స్థిరమైన ఉష్ణోగ్రత, తేమ ఉన్న ఆ గుహలలో రంగు పెచ్చులూడడం గణనీయంగా తగ్గింది. చిత్రం ఉండే గాలిని అదుపులో ఉంచడం ఎంత ముఖ్యమో ప్రయోగపూర్వకంగా రుజువైంది.

యుద్ధకాలంలో శుభ్రం చేసిన చిత్రాలు తిరిగివచ్చాక 1846 నాటి గొడవ నూరేళ్ళకు మళ్ళీ తలెత్తింది. డైరెక్టరు ఫిలిప్ హెండీ 1947లో శుభ్రపరిచిన చిత్రాలతోనే ఒక ప్రదర్శన ఏర్పాటుచేశాడు. వీవర్ అధ్యక్షతన నియమించిన సంఘంలో బెల్జియంకు చెందిన పాల్ కొరెమాన్స్, అమెరికాకు చెందిన జార్జ్ స్టౌట్ సభ్యులు. చిత్రాలకు చెప్పుకోదగిన హాని జరగలేదని ఆ సంఘం 1948లో నివేదించింది.

హాని జరగలేదన్న తీర్పుతో చర్చ ముగియలేదు. అది పదార్థానికి సంబంధించిన తీర్పు. మిగిలిన ప్రశ్న అర్థానికి సంబంధించినది. రోమ్ కేంద్రీయ పునరుద్ధరణసంస్థ అధిపతి చెసారే బ్రాందీ 1949లో బర్లింగ్టన్ మ్యాగజైన్‌లో వ్యాసం రాశాడు. చిత్రం మీద కాలం పూసిన ఛాయను ఇటాలియన్‌లో పటినా అంటారు. అది కేవలం మురికి కాదనీ, చిత్రకారుడే వేసిన లేతరంగు వార్నిషులు, గ్లేజులు అందులో కలిసి ఉండవచ్చనీ, వాటిని ఒక్క పెట్టున తొలగించడం చరిత్రను తొలగించడమేననీ ఆయన వాదం. నేషనల్ గ్యాలరీకి చెందిన మక్‌లారెన్, వెర్నర్ మరుసటి ఏడాది అదే పత్రికలో సాంకేతికాధారాలతో సమాధానమిచ్చారు.

1962లో కళాచరిత్రకారుడు ఇ. హెచ్. గోంబ్రిచ్ అదే పత్రికలో చర్చను మరోవైపు తిప్పాడు. గ్రీకు చిత్రకారుడు అపెలీస్ రంగుల కాంతిని తగ్గించడానికి పలుచని నల్లనిపూత వేసేవాడని రోమన్ రచయిత ప్లినీ చెప్పిన మాటను ఆయన ఆధారం చేసుకున్నాడు. ఆ వాక్యాన్ని చదివిన పునరుజ్జీవనకాలపు చిత్రకారులు కొందరైనా అపెలీస్‌ను అనుసరించి ఉండరా అన్నది ఆయన ప్రశ్న. ప్లెస్టర్స్, మహాన్ తదితరులు దీనికి బదులిచ్చారు. కావ్యపరిష్కరణలో ఒక లక్షణగ్రంథవాక్యం పాఠనిర్ణయానికి ఎంతవరకు ఆధారం కాగలదో, ఇక్కడ ప్లినీవాక్యం కూడా అంతవరకే ఆధారం. అలా చేసి ఉండవచ్చనడానికి అది చాలుతుంది. ఈ చిత్రంలో అలా జరిగిందనడానికి మాత్రం ఈ చిత్రంలోనే సాక్ష్యం కావాలి.

5. ఆధునిక పద్ధతులు – విచక్షణకు సాధనాలు:

5.1 ముందస్తు పరీక్షలు:

నేడు దూది ముంచడానికి ముందు చూడడమే ఎక్కువగా జరుగుతుంది. అతినీలలోహితకాంతిలో పాత రాళపు వార్నిషు ఆకుపచ్చగా మెరుస్తుంది. తరువాత దానిపై వేసిన దిద్దుబాట్లు నల్లమచ్చలుగా తేలతాయి. ఎక్స్‌రే సీసపుతెలుపు వాడిన చోట్లను చూపుతుంది. పరారుణకిరణాలు అడుగునున్న రేఖాచిత్రాన్ని చూపుతాయి. ఆవగింజకన్నా చిన్న ముక్కను తీసి, అడ్డుకోతను సూక్ష్మదర్శినిలో చూస్తే పొరల క్రమం తెలుస్తుంది. రెండు పొరల మధ్య మురికి ఉందంటే, పైపొర వేసేనాటికి అడుగుపొర కొంతకాలం బయట ఉండిందని అర్థం. అంటే పైపొర తరువాతి చేర్పు కావడానికి అవకాశం ఎక్కువ. ప్రక్షిప్తనిర్ణయంలో ఇంతకు మించిన బహిరంగసాక్ష్యం సాహిత్యపరిష్కర్తకు దొరకడం అరుదు.

5.2 ద్రావణులు:

1950లలో నేథన్ స్టోలో చేసిన ప్రయోగాలు ద్రావణుల గురించిన ఆలోచనను మార్చాయి. రంగు దూదికి అంటలేదంటే చిత్రానికి హాని జరగలేదని అంతకుముందు భావించేవారు. ద్రావణి రంగుపొరలోకి ఇంకి దాన్ని ఉబ్బించి, అందులో బంధం లేకుండా మిగిలిన కొవ్వుఆమ్లాల వంటి పదార్థాలను వెంట తీసుకుపోతుందని ఆయన చూపాడు. ద్రావణి ఆవిరయ్యాక పొర మునుపటికన్నా పెళుసుగా మిగులుతుంది. ఈ హాని కంటికి కనిపించదు.

అందువల్ల ద్రావణిని బలం చూసి గాక, దాని అణువుల ఆకర్షణస్వభావం చూసి ఎంచుకొనే పద్ధతి వచ్చింది. 1968లో టీస్ రూపొందించిన త్రికోణపటం ద్రావణులలోని విస్తరణ, ధ్రువ, హైడ్రోజన్ బంధశక్తుల నిష్పత్తిని చూపుతుంది. వార్నిషు కరిగే ప్రాంతాన్ని, రంగుపొర ఉబ్బే ప్రాంతాన్ని పటంపై గుర్తించి, మొదటిదానిలో ఉండి రెండోదానికి దూరమైన మిశ్రమాన్ని వెతుకుతారు.

పని జరిగే తీరు నిదానమైనది. సన్నని పుల్లకు చుట్టిన చిన్న దూదిని ద్రావణిలో తడిపి, అదనపు తడి పిండివేసి, చిత్రం అంచున కొన్ని మిల్లీమీటర్ల చోట దొర్లిస్తారు. రుద్దరు. దూదిని తెల్లకాగితంపై అద్ది రంగు వచ్చిందేమో చూస్తారు. ప్రతి వర్ణాన్ని విడిగా పరీక్షిస్తారు. ఎందుకంటే ఒకే చిత్రంలో సీసపుతెలుపు పొర గట్టిగా ఉండవచ్చు. లక్క వంటి ఎరుపుగ్లేజు, గోధుమనీడలు బలహీనంగా ఉండవచ్చు.

5.3 నీటి పద్ధతులు, జెల్లులు:

వార్నిషు వేరు, దానిపై పేరుకున్న మురికి వేరు. మసి, దుమ్ము, జిడ్డు తీయడానికి చాలాసార్లు నీరే సాధనం. 1980ల నుంచి రిచర్డ్ వోల్బర్స్ నీటిపద్ధతులను శాస్త్రీయంగా క్రమబద్ధం చేశాడు. నీటి ఆమ్లక్షారసూచికను, లవణగాఢతను నియంత్రించడం వాటిలో మొదటి మెట్టు. ముదిరిన తైలవర్ణానికి సాధారణంగా పీహెచ్ 5.5 నుంచి 8.5 వరకు ఉన్న పరిధిని సురక్షితంగా భావిస్తారు. సిట్రేటు వంటివి మురికిలోని లోహఅయానులను పట్టుకొని మురికిని వదులుచేస్తాయి. కుంకుడురసం నురుగులాంటి గుణమున్న పదార్థాలు జిడ్డును నీటిలోకి తెస్తాయి. అయితే సిట్రేటు రంగులోని సీసం, కాల్షియంలను కూడా పట్టుకోగలదు. ప్రతి ఉపకారం వెనుక ఒక అపకారం పొంచి ఉండడం ఈ రంగం లక్షణం.

ద్రావణిని జెల్లుగా మారిస్తే అది లోపలికి ఇంకడం తగ్గి, పైపొరమీదే పనిచేస్తుంది. జెల్లు అవశేషాలు చిత్రంపై మిగలకుండా చూడడం కొత్త బాధ్యత. అవశేషం మిగలకుండా ఎత్తివేయగల గట్టిజెల్లులపై ఇటీవలి పరిశోధనలు కేంద్రీకృతమయ్యాయి. వార్నిషు వేయని 20వ శతాబ్ది తైలచిత్రాలలో కొన్నింటికి నీరు తగిలితేనే రంగు వదులుతుంది కాబట్టి అక్కడ నీటిపద్ధతికి కూడా హద్దులున్నాయి.

ఈ సందర్భంలో ఒక పాత అలవాటును ప్రస్తావించాలి. పరిరక్షకులు తరతరాలుగా దూదిని ఉమ్మితో తడిపి చిత్రాలపై మురికి తీసేవారు. 1990లో పోర్చుగల్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం లాలాజలంలోని అమైలేజ్ ఎంజైము ఇందుకు ముఖ్యకారణమని చూపింది. ఎంగిలిని అశుచిగా ఎంచే మనకు ఇది వింతగా తోస్తుంది. కాని తటస్థానికి దగ్గరైన పీహెచ్, గోరువెచ్చదనం, ఎంజైము కలిసిన ద్రవం సహజంగా దొరికేది అదే. చేతివాటంగా వచ్చిన వృత్తిజ్ఞానాన్ని శాస్త్రం కొట్టివేయకుండా, కారణం చెప్పి నిలబెట్టిన సందర్భమిది. ఈ అధ్యయనానికి 2018లో ఇగ్ నోబెల్ బహుమతి లభించింది. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది.

6. ఎంతవరకు తీయాలి? – రెండు ఉదాహరణలు:

శుభ్రీకరణలో మూడు మార్గాలున్నాయి. వార్నిషును పూర్తిగా తీయడం సంపూర్ణమార్గం. అంతటా ఒక పలుచని పొరను మిగల్చడం పాక్షికమార్గం. ఒక్కోచోట ఒక్కో స్థాయిలో తీసి మొత్తం చిత్రానికి సమతూకం తేవడం ఎంపికమార్గం. వీటిలో ఏదీ తటస్థం కాదనీ, ప్రతిదీ ఒక వ్యాఖ్యానమేననీ జెరి హెడ్లీ 1985 నాటి వ్యాసంలో వాదించాడు. సంపూర్ణమార్గం పదార్థసత్యానికి, ఎంపికమార్గం చిత్రకారుని ఉద్దేశానికి, పాక్షికమార్గం కాలానికి ప్రాధాన్యమిస్తాయని స్థూలంగా చెప్పవచ్చు.

చిత్రకారుని ఉద్దేశాన్ని చేరుకోవడం కూడా సులభం కాదు. స్మాల్ట్ అనే నీలం కాలక్రమంలో బూడిదరంగవుతుంది. రాగి ఆకుపచ్చలు గోధుమబారుతాయి. లక్క ఎరుపులు వెలిసిపోతాయి. వర్ణాలన్నీ ఒకే వేగంతో మారవు. వార్నిషు అంతా తీసినా బయటపడేది చిత్రకారుని నాటి చిత్రం కాదు. నేటికి మిగిలిన పదార్థం మాత్రమే.

రెంబ్రాంట్ 1642లో ముగించిన పౌరసేన చిత్రం మొదటి ఉదాహరణ. వార్నిషు నల్లబడి అది రాత్రిదృశ్యంగా కనిపించడంతో 18వ శతాబ్ది చివరకు ‘నైట్ వాచ్’ అన్న పేరు స్థిరపడింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత శుభ్రం చేయగా అది పగటిదృశ్యమని తేటతెల్లమైంది. పేరు మాత్రం మారలేదు. ఒక అపపాఠం శీర్షికగా స్థిరపడి, పాఠం సరిచేసిన తరువాత కూడా నిలిచిపోవడం ఇక్కడ విశేషం.

రెండో ఉదాహరణ ఘెంట్ నగరంలోని వాన్ ఐక్ సోదరుల బలిపీఠచిత్రం. ఇది 1432లో పూర్తయింది. మధ్యఫలకంలోని గొర్రెపిల్ల ముఖాన్ని 16వ శతాబ్దిలో ఎవరో తిరిగి చిత్రించారు. 1950-51 నాటి శుభ్రీకరణలో ఆ పైరంగును కొంతమేర తీయగా అసలు చెవులు బయటపడ్డాయి. పైవాటిని తీయకపోవడంతో గొర్రెపిల్లకు నాలుగు చెవులు కనిపించాయి. మూలం, ప్రక్షిప్తం పక్కపక్కనే నిలిచిన ఆ స్థితి దాదాపు ఏడు దశాబ్దాలు కొనసాగింది. 2012లో మొదలైన కొత్త పునరుద్ధరణలో బాహ్యఫలకాలపై దాదాపు 70 శాతం భాగాన్ని పాత పైరంగులు కప్పివేశాయని తేలింది. వాటి అడుగున మూలవర్ణం చాలావరకు చెక్కుచెదరకుండా ఉందని నిర్ధారించుకొన్నాకే వాటిని తొలగించారు. తరువాతి దశలో గొర్రెపిల్ల అసలు ముఖం వెలుగులోకి వచ్చింది. చూపరివైపు సూటిగా చూసే ఆ కళ్ళు కొందరిని కలవరపెట్టాయి. తరతరాలుగా కంఠస్థమైన పద్యానికి శుద్ధపాఠం చూపినప్పుడు కొత్తపాఠమే తప్పుగా వినిపించడం తెలుగు పాఠకులకు తెలియని అనుభవం కాదు.

7. పాఠపరిష్కరణతో సామ్యభేదాలు:

వేమన పద్యాల విషయం గమనిస్తే సామ్యం స్పష్టమవుతుంది. మకుటం చేరిస్తే చాలు, ఎవరి పద్యమైనా వేమన పద్యంగా చెలామణీ కాగలదు. సి. పి. బ్రౌన్ పలు ప్రతులు సేకరించి పండితులచేత సరిచూపించి 1829లో వేమన పద్యాలు ప్రకటించాడు. ఆయన కూర్పు నచ్చనివారికి ఇతర ప్రతులను ఆశ్రయించే అవకాశం మిగిలే ఉంది. పుణెలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధనసంస్థ 1966లో పూర్తిచేసిన సంస్కృత మహాభారత సంశోధితప్రతిలోనూ, మూలం కాదనుకొన్న శ్లోకాలను పారవేయలేదు. అధోజ్ఞాపికలలోను, అనుబంధాలలోను భద్రపరిచారు. ఆ సంపాదకుల నిర్ణయాన్ని కాదనదలచిన పరిశోధకుడు అడుగుపుట చూసి తన వాదం తాను నిర్మించుకోవచ్చు.

చిత్రశుభ్రీకరణలో అడుగుపుట లేదు. దూదితో వచ్చిన వార్నిషు గాని, పొరపాటున దానితో వచ్చిన గ్లేజు గాని మళ్ళీ చిత్రం మీదకు చేరవు. ఈ లోపాన్ని పూరించడానికే పరిరక్షకులు ఛాయాచిత్రాలు, అడ్డుకోత నమూనాలు, ప్రతి దశ లిఖితనివేదిక భద్రపరుస్తారు. కొన్నిచోట్ల ఒక చిన్న చతురస్రాన్ని శుభ్రం చేయకుండా సాక్ష్యంగా వదులుతారు. ఇవి అధోజ్ఞాపికలకు ప్రత్యామ్నాయాలు. అయినా అవి తొలగించిన పాఠం గురించిన వర్ణనలే గాని ఆ పాఠం కావు.

తెలుగునేలకు ఈ చర్చ దూరమైనది కాదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా తైలవర్ణచిత్రాలున్నాయి. సాంస్కృతికసంపద పరిరక్షణపరిశోధనకు లక్నోలో జాతీయప్రయోగశాల 1976 నుంచి పనిచేస్తోంది. మ్యూజియంల వెలుపల, సంస్థానభవనాలలో, గ్రంథాలయాలలో, పాత కళాశాలల సభామందిరాలలో గోడలకున్న తైలచిత్రాల పరిస్థితి వేరు. దండలు, అగరుపొగ, వానాకాలపు తేమ, పండుగకు ముందు తడిగుడ్డతో తుడవడం వాటికి నిత్యకృత్యం. తడిగుడ్డ పగుళ్ళలోకి నీటిని పంపి భూమికాపూతలోని జిగురును ఉబ్బిస్తుంది. రంగు పెచ్చులుగా లేస్తుంది. శ్రద్ధతో, గౌరవంతో చేసే ఈ పని నిర్లక్ష్యంకన్నా ఎక్కువ నష్టం చేయగలదు.

8. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. తైలవర్ణచిత్రంలో బంధకమూ, మురికిలోని జిడ్డూ సజాతీయాలు. ముదిరిన వార్నిషును కరిగించే ద్రావణులు రంగుపొరనూ ఉబ్బిస్తాయి. శుభ్రీకరణలోని ప్రమాదమంతా ఈ సామీప్యంలోనే ఉంది.

2. బలమైన పదార్థం నుంచి నియంత్రితమైన పదార్థానికి, తొలగించడం నుంచి ముందుగా పరీక్షించడానికి, చివరకు మురికి చేరకుండా నివారించడానికి దృష్టి మారడమే ఈ చరిత్రలోని ప్రధానగతి.

3. 1846 నుంచి 1960ల వరకు సాగిన వివాదాలు వ్యక్తులకు ఇబ్బంది కలిగించినా రంగానికి మేలుచేశాయి. నమోదుపద్ధతి, శాస్త్రవిభాగం, స్వతంత్రవిచారణ ఆ వివాదాల పరిసరాలలోనే బలపడ్డాయి.

4. ‘మూలరూపం’ అనేది చిత్రంలోనూ, కావ్యంలోనూ ఆధారాలతో నిర్మించుకొనే ప్రతిపాదనే. దాన్ని పూర్తిగా తిరిగి పొందడం సాధ్యం కాదు.

5. కావ్యపరిష్కర్త తప్పును తరువాతి పరిష్కర్త దిద్దగలడు. చిత్రపరిరక్షకుని తప్పును దిద్దగలవారు లేరు. కాబట్టి ఎప్పుడు ఆపాలో తెలియడం ఇతర నైపుణ్యాలన్నిటికన్నా ముందు నేర్వవలసినది.

6. విద్యాసంస్థలు, గ్రంథాలయాలు తమ తైలచిత్రాలకు ముందుగా చేయవలసినది ఛాయాచిత్రాలతో కూడిన జాబితా. తడిగుడ్డను, సబ్బును దూరంగా ఉంచి, ఎండ, తేమ, పొగ సోకని గోడకు మార్చడానికి నిపుణులు అవసరం లేదు. రంగు పెచ్చులు లేచిన చిత్రాన్ని మాత్రం కదల్చకుండా శిక్షణపొందిన పరిరక్షకులకు చూపాలి.